సొమ్మొకరిది, సోకొకరిది: మనం పనిచేసే హోటల్ అసలు ఎవరిది?

హోటల్ అన్న మాట ఒక్కటే గానీ అర్థాలు మూడు. తెనాలిలోనో వరంగల్లులోనో "హోటలుకెళ్దాం పదరా" అంటే ఇడ్లీ, పెసరట్టు, ఆ మీదట ఓ స్ట్రాంగ్ కాఫీ. ఆస్ట్రేలియాలో ఏ చిన్న ఊరికి వెళ్లినా మెయిన్ రోడ్డు మూల మీద "రాయల్ హోటల్" అనో "కమర్షియల్ హోటల్" అనో బోర్డు ఉంటుంది. లోపలికెళితే ముందు కనిపించేది బీరు కౌంటరు. పూర్వం ఇక్కడ మద్యం అమ్ముకునే లైసెన్సు కావాలంటే బాటసారులకు బస గదులు కూడా ఉండాలన్న నిబంధన ఉండేది. చాలాచోట్ల గదులు పోయాయి, పేరు మాత్రం మిగిలింది. ఇక మూడోది అసలు సిసలు బస హోటల్. సిడ్నీ, మెల్‌బోర్న్, పెర్త్ నగరాల్లో ఆకాశాన్నంటే అద్దాల మేడ. మన పిల్లలు చదువుకుంటూ పక్కలు సర్దేది, గిన్నెలు తోమేది, రాత్రి షిఫ్టులో రిసెప్షన్ దగ్గర నిలబడేది అక్కడే.

ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేసి "ఎక్కడ చేస్తున్నావు నాన్నా?" అంటే ఠక్కున ఓ పెద్ద పేరు చెబుతాం. ఆ పేరు వినగానే అవతల వాళ్లకి సంతోషం. కానీ మన పే స్లిప్పు తీసి చూస్తే ఆ పేరు దాని మీద ఉండొచ్చు, ఉండకపోవచ్చు. చాలాసార్లు ఎన్నడూ వినని మరో కంపెనీ పేరు కనిపిస్తుంది. మరి హోటల్ ఎవరిది? మనకు జీతమిచ్చేది ఎవరు? రేపు ఆ హోటల్ అమ్ముడైపోతే మన సంగతేమిటి? ఈ వారం వాటి గురించే చెప్పుకుందాం. హోటళ్ల యాజమాన్యం కథ వినడానికి కాలక్షేపంలా ఉన్నా, చివరికది మన జేబు దగ్గరికే వస్తుంది.

సినిమా హాలు లెక్క

మన ఊరి సినిమా హాలును గుర్తు చేసుకోండి. హాలు కట్టినాయన ఒకరు. దాన్ని లీజుకు తీసుకుని నడిపేది మరొకరు. అందులో ఆడే బొమ్మ డిస్ట్రిబ్యూటరుది. క్యాంటీను ఒకరి కాంట్రాక్టు, సైకిల్ స్టాండు ఇంకొకరిది. జనం మాత్రం అంతా కలిపి "ఫలానా వారి హాలు" అంటారు. పెద్ద హోటళ్ల వ్యవహారమూ అచ్చం అంతే.

మొదటి చేయి భవనం సొంతదారుది. ఇది ఒక కుటుంబం కావచ్చు, బీమా కంపెనీ కావచ్చు, ఏ దేశపు పెట్టుబడి నిధో కావచ్చు. రెండోది హోటల్ వ్యాపారం ఎవరిదో వారిది. మూడోది రోజువారీ నడిపే నిర్వాహక సంస్థది. మేనేజర్లను పెట్టేది, రేట్లు నిర్ణయించేది వీళ్లే. అందుకు రాబడిలో కొంత రుసుము పుచ్చుకుంటారు. నాలుగోది బోర్డు మీద పేరు ఎవరిదో వారిది. ఒక్కోసారి ఈ నాలుగూ ఒకరివే. ఒక్కోసారి నాలుగూ నలుగురివి. వీరికి తోడు హౌస్‌కీపింగ్‌కి, సెక్యూరిటీకి, బట్టలుతికే పనికి మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టరు ఐదో చేయి. సొమ్మొకరిది, సోకొకరిది అన్న సామెత ఇందుకే పుట్టిందా అనిపిస్తుంది.

ఒకప్పుడు పేరున్న హోటల్ కంపెనీలు తమ భవనాలను తామే కొనుక్కునేవి. తర్వాత తర్వాత లెక్క మారింది. భవనంలో కోట్ల డబ్బు ఇరికించుకోవడం కన్నా, భవనం వేరేవారికి అమ్మేసి, నడిపినందుకు రుసుము తీసుకోవడమే మేలని వాటికి తోచింది. అటువైపు బీమా సంస్థలకు, పెట్టుబడి నిధులకు ఏళ్ల తరబడి నిలకడగా రాబడి ఇచ్చే ఆస్తులు కావాలి. అలా ఇద్దరికీ కుదిరింది.

కృష్ణ ఉన్నారు, పక్క పేరు మారింది

హైదరాబాద్ బంజారాహిల్స్ సంగతే తీసుకోండి. 1980లలో అక్కడ "కృష్ణా ఒబెరాయ్" అనే అయిదు నక్షత్రాల హోటల్ వెలిసింది. అది జీవీకే సంస్థల అధినేత జి.వి. కృష్ణారెడ్డి గారు ఒబెరాయ్ వారితో కలిసి పెట్టినది. 1990ల చివరికి ఒబెరాయ్ తప్పుకుంది. టాటాల ఇండియన్ హోటల్స్ కంపెనీ వచ్చి జీవీకేతో కలిసింది. అలా టాజ్ జీవీకే అనే ఉమ్మడి సంస్థ ఏర్పడింది. కృష్ణా ఒబెరాయ్ కాస్తా టాజ్ కృష్ణ అయింది. భవనం కదల్లేదు. స్థానిక భాగస్వామి మారలేదు. కృష్ణ అన్న పేరు కూడా ఉన్నచోటే ఉంది. పక్కనున్న పేరు మాత్రం వెళ్లి, వేరే పేరు వచ్చింది. అక్కడ పెళ్లి విందులు తిన్నవారిలో ఎంతమందికి ఈ మార్పు వెనక సంగతి తెలుసు?

ట్యాంక్‌బండ్ దగ్గరున్న మారియట్ ది ఇంకో కథ. బోర్డు మీద అమెరికా కంపెనీ పేరు. సొంతదారు మాత్రం వైస్రాయ్ హోటల్స్ అనే హైదరాబాద్ కంపెనీ. అసలు ఆ హోటల్‌ను వైస్రాయ్ అనే పిలిచేవారు. 1995లో తెలుగుదేశం ఎమ్మెల్యేల శిబిరం అక్కడ నడిచినప్పటి నుంచి ఆ పేరు రాజకీయాల్లోనూ నిలిచిపోయింది. ఆ వైస్రాయ్ కంపెనీ అప్పులు తీర్చలేక 2018లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2023లో అనిరుధ్ ఆగ్రో ఫార్మ్స్ అనే సంస్థ ఇచ్చిన ప్రణాళికకు ట్రిబ్యునల్ ఆమోదం దొరికింది. అంటే సొంతదారు అయిదేళ్లపాటు దివాలా కోర్టులో ఉంటే, బయట మాత్రం అదే విదేశీ పేరు వెలుగుతూనే ఉంది. అక్కడ దిగిన అతిథికి ఈ తేడా ఏమీ తెలియదు. సరుకులు అప్పుగా ఇచ్చినవాడికి, అందులో పనిచేసేవాడికి మాత్రం బాగానే తెలుస్తుంది.

ప్యాలెస్ ఫలక్‌నుమాలో, ప్రభువు ఆస్ట్రేలియాలో

ఇక ఆస్ట్రేలియా తెలుగువారు తప్పకుండా తెలుసుకోవలసిన కథ ఫలక్‌నుమాది. పాయిగా వంశీకుడు, హైదరాబాద్ సంస్థాన ప్రధానిగా పనిచేసిన వికారుల్ ఉమ్రా 1884లో ఆ కొండ మీద ప్యాలెస్ కట్టడం మొదలుపెట్టారు. అది పూర్తయ్యేసరికి దాదాపు పదేళ్లు పట్టింది. ఖర్చు ఆయన తాహతుకు మించిపోయింది. చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్లింది. ఆ తర్వాత అది రాజ అతిథులు దిగే చోటయింది. స్వాతంత్ర్యం వచ్చి సంస్థానం పోయాక ఏళ్ల తరబడి తాళాలు పడి ఉండిపోయింది.

1967లో తాత మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కన్నుమూశాక వారసుడైన ముకరం జా చేతికి ప్యాలెస్‌లతో పాటు కోర్టు కేసులు, లెక్కకు మించిన బంధువులు, సిబ్బంది కూడా వచ్చారు. ఆయన 1970లలో ఎక్కడికి వెళ్లారో తెలుసా? పశ్చిమ ఆస్ట్రేలియాకు. పెర్త్‌కి ఉత్తరాన కల్బారీ దగ్గర మర్చిసన్ హౌస్ స్టేషన్ అనే లక్షల ఎకరాల గొర్రెల క్షేత్రం కొనుక్కున్నారు. దర్బారులో కూర్చోవలసిన మనిషి ఎర్ర దుమ్ములో బుల్డోజరు నడుపుతూ సంతోషంగా గడిపారు. ఇక్కడా అప్పులు చుట్టుముట్టాయి. క్షేత్రం చేజారింది. 1996లో ఆయన టర్కీ వెళ్లిపోయారు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో మరణిస్తే, హైదరాబాద్ మక్కా మసీదులో ఖననం చేశారు.

ఆయన మొదటి భార్య ఎస్రా చొరవతో ఫలక్‌నుమా మళ్లీ ఊపిరి పోసుకుంది. టాజ్ వారు లీజుకు తీసుకుని, సుమారు పదేళ్లు బాగుచేసి, 2010 నవంబరులో 60 గదుల హోటల్‌గా తెరిచారు. ఆస్తి నిజాం కుటుంబానిది, నడిపేది టాజ్ వారు. మన సినిమా హాలు లెక్కే. కాకపోతే ఇక్కడ హాలు ప్యాలెస్, హాలు సొంతదారు కొన్నేళ్లపాటు మన పక్క రాష్ట్రంలో గొర్రెలు కాసిన నిజాం.

గుమాస్తా చేతికొచ్చిన విండ్సర్

హైదరాబాద్‌లో ఒకరి తర్వాత ఒకరు బోర్డు పెట్టిన ఒబెరాయ్, టాజ్ ఈ రెండూ ఆస్ట్రేలియాలోనూ హోటళ్లు కొన్నాయి, అమ్మాయి. ముందు ఒబెరాయ్ సంగతి.

మెల్‌బోర్న్ స్ప్రింగ్ స్ట్రీట్‌లో పార్లమెంటు భవనానికి ఎదురుగా విండ్సర్ హోటల్ ఉంది. జార్జ్ నిప్పర్ అనే ఓడల వ్యాపారి కట్టించగా 1884లో "గ్రాండ్ హోటల్" పేరుతో తెరుచుకుంది. రెండేళ్లు గడిచేసరికి జేమ్స్ మన్రో చేతిలో పడింది. ఆయన మద్యనిషేధ ఉద్యమ నాయకుడు. హోటల్ బార్ లైసెన్సును అందరిముందూ తగలబెట్టారని చెబుతారు. పేరు "గ్రాండ్ కాఫీ ప్యాలెస్" అని మార్చి, కాఫీ, టీలతోనే నడిపించారు. మన్రో గారు తర్వాత విక్టోరియా ప్రీమియర్ కూడా అయ్యారు. కానీ 1890లలో మెల్‌బోర్న్ భూముల బుడగ పేలినప్పుడు ఆయన బ్యాంకులు కుప్పకూలాయి, ఆయన దివాలా తీశారు. ఆ దశాబ్దం ముగిసేలోగా హోటల్‌కు మద్యం లైసెన్సు తిరిగొచ్చింది. 1920లలో విండ్సర్ అన్న పేరొచ్చింది.

1976లో ఆ భవనం కూల్చివేత పాలు కాకుండా విక్టోరియా ప్రభుత్వమే కొన్నది. 1980లో నిర్వహణ ఒబెరాయ్ వారికి దక్కింది. 1990లో ఒబెరాయ్ దాన్ని పూర్తిగా కొనేసింది. మెల్‌బోర్న్ పెద్దమనుషులు టీ తాగే హోటల్‌కు భారతీయ సంస్థ సొంతదారు అయిందన్నమాట. 2005లో ఒబెరాయ్ దాన్ని ఇండొనేషియాకు చెందిన హలీం కుటుంబ సంస్థకు అమ్మింది. ఇన్ని చేతులు మారినా వీధిలో పోయేవారికి అది అదే విండ్సర్.

ఈ ఒబెరాయ్ సంస్థను స్థాపించిన మోహన్ సింగ్ ఒబెరాయ్ గురించి హోటల్ పని చేసే ప్రతివారూ ఒక్కసారి తెలుసుకోవాలి. 1922లో ఆయన సిమ్లాలోని సెసిల్ హోటల్‌లో నెలకు 50 రూపాయల జీతం మీద గుమాస్తాగా చేరారు. పన్నెండేళ్ల తర్వాత, 1934లో, ఆస్తులూ భార్య నగలూ తాకట్టు పెట్టి క్లార్క్స్ హోటల్ కొన్నారు. తాను గుమాస్తాగా చేసిన సెసిల్ కూడా తర్వాత ఆయన సంస్థ చేతికే వచ్చింది. రిసెప్షన్ బల్ల వెనక నిలబడ్డవాడు సొంతదారు కాలేడని ఎక్కడా రాసిపెట్టి లేదు. అయితే అలాంటివారు కోటికొకరు. మిగతా అందరికీ ఆధారం నెలాఖరు జీతం, దాని వెనకనున్న చట్టం.

రేవు మీద టాజ్

సిడ్నీ వూలూమూలూ రేవు కథ కూడా చిత్రమైనదే. 1910 ప్రాంతంలో మొదలై 1915కి పూర్తయిన ఆ రేవు ప్రపంచంలోకెల్లా పొడవైన చెక్క స్తంభాల రేవుగా పేరుపొందింది. యుద్ధాలకు సైనికులు ఓడలెక్కిందీ, తర్వాత యూరప్ నుంచి వలస వచ్చినవారు దిగిందీ అక్కడే. 1991లో దాన్ని కూల్చేయబోతే స్థానికులు అడ్డం నిలబడ్డారు, కార్మిక సంఘాలు కూల్చే పని చేయబోమన్నాయి. ఆ పట్టుదల వల్లే రేవు బతికింది. తర్వాత అపార్టుమెంట్లు, తినుబండారాల దుకాణాలు, డబ్ల్యూ అనే హోటల్ వచ్చాయి.

2005 చివర టాజ్ వారు ఆ హోటల్‌ను సుమారు 3.6 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు కొనడానికి ఒప్పందం కుదుర్చుకున్నారు. పేరు "బ్లూ" అని మార్చారు. అప్పట్లో ఇక్కడి భారతీయులకు అదో గర్వకారణం. కానీ ఒకే ఒక్క హోటల్‌తో పరాయి దేశంలో నిలదొక్కుకోవడం తేలిక కాదు. 2014లో టాజ్ దాన్ని అమ్మేసింది. హాంకాంగ్‌కు చెందిన ఓవోలో చేతికి వెళ్లి, ఆ పేరుతో మళ్లీ తెరుచుకుంది. డబ్ల్యూ, బ్లూ, ఓవోలో. కట్టడం ఒక్కటే, బోర్డులు మూడు.

సిడ్నీలో ఆసియా జెండా

2013 నుంచి మూడేళ్లలో సిడ్నీ పెద్ద హోటళ్లు ఒకదాని వెనక ఒకటి ఆసియా చేతుల్లోకి వెళ్లాయి. 2013లో ఫోర్ సీజన్స్ భవనాన్ని కొరియాకు చెందిన మిరే అసెట్ సుమారు 34 కోట్ల డాలర్లకు కొన్నది. 2014లో హైడ్ పార్క్ పక్కనున్న షెరటాన్‌ను చైనా సన్‌షైన్ ఇన్సూరెన్స్ 46.3 కోట్లకు కొన్నది. 2015లో జార్జ్ స్ట్రీట్‌లోని హిల్టన్‌ను చైనా సంస్థ బ్రైట్ రూబీ 44.2 కోట్లకు కొన్నది. ఈ మూడు చోట్లా సొంతదారు మారినా బోర్డు మారలేదు. నడిపేవారు వారే.

అదే 2015లో మార్టిన్ ప్లేస్‌లోని వెస్టిన్ హోటల్‌ను సింగపూర్‌కు చెందిన ఫార్ ఈస్ట్ ఆర్గనైజేషన్, హాంకాంగ్‌లోని దాని సోదర సంస్థ కలిసి సుమారు 44.5 కోట్లకు కొన్నాయి. ఇక్కడ మాత్రం కథ వేరే మలుపు తిరిగింది. 2019 అక్టోబరులో వెస్టిన్ బోర్డు దిగిపోయి "ఫుల్లర్టన్" బోర్డు ఎక్కింది. సొంతదారులు తమ సొంత పేరు పెట్టుకుని తామే నడుపుకోవడం మొదలుపెట్టారు. విశేషమేమిటంటే సింగపూర్ ఫుల్లర్టన్ ఒకప్పటి పెద్ద పోస్టాఫీసు. సిడ్నీ ఫుల్లర్టన్ ఉన్నదీ పాత జనరల్ పోస్టాఫీసులోనే.

గమనించండి. హిల్టన్‌లో సొంతదారు మారారు, పేరు నిలిచింది. వెస్టిన్‌లో సొంతదారు మారారు, కొన్నాళ్లకు పేరూ పోయింది. అమ్మకం అన్న మాట రెంటికీ ఒక్కటే అయినా, లోపల పనిచేసేవారి మీద దాని ప్రభావం ఒక్కటి కాదు. మన వాళ్లు "హోటల్ అమ్మేశారట" అన్న వార్త వినగానే ఒకరు హడలిపోతారు, మరొకరు "మనకెందుకులే" అంటారు. రెండూ సరికాదు. అమ్మింది ఏ చేతిలోదో ముందు తెలుసుకోవాలి.

పెర్త్‌లో పక్కలు సర్దినవారి కేసు

ఇన్ని చేతుల మధ్య పనివారు ఎలా నలిగిపోతారో చూపించిన కేసు ఒకటుంది. క్వెస్ట్ అనేది అద్దె అపార్టుమెంటు హోటళ్ల పేరు. చాలాచోట్ల ఆ పేరు అరువు తెచ్చుకుని వ్యాపారం నడిపేది స్థానిక కంపెనీలే. అలా సౌత్ పెర్త్‌లో నడిపిన కంపెనీ 2009లో తన హౌస్‌కీపింగ్ మనుషులతో, ఇకమీదట మీరు మా ఉద్యోగులు కారు, మధ్యనున్న మరో సంస్థ ద్వారా పనిచేసే స్వతంత్ర కాంట్రాక్టర్లు అంది. మర్నాడు వాళ్లు అదే హోటల్‌లో, అవే గదుల్లో, అవే దుప్పట్లు మార్చారు. మారింది కాగితం మీద హోదా మాత్రమే. స్వతంత్ర కాంట్రాక్టరుకు సెలవు జీతం ఉండదు, ఉద్యోగికి చట్టమిచ్చే కనీస రక్షణలుండవు. మతలబు అక్కడే ఉంది.

ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ కేసు వేసింది. కింది కోర్టుల్లో ఈ అంశం మీద గెలవలేదు. 2015 డిసెంబరు 2న ఆస్ట్రేలియా హైకోర్టు, అంటే ఈ దేశపు అత్యున్నత న్యాయస్థానం, తీర్పు చెప్పింది. ఉద్యోగిని కాంట్రాక్టరువని తప్పుగా నమ్మించడం చట్టవిరుద్ధం, మధ్యలో మూడో సంస్థను నిలబెట్టినంత మాత్రాన తప్పించుకోలేరు అని తేల్చింది. పక్కలు సర్దిన ఇద్దరు మహిళల కోసం నడిచిన కేసు ఇప్పుడు దేశంలోని పనివారందరికీ అండ. రెండేళ్ల తర్వాత క్వెస్ట్ అన్న పేరులోనే పెద్ద వాటాను సింగపూర్‌కు చెందిన ఆస్కాట్ కొనేసింది. అది మరో చేయి.

చేతులెక్కువైన కొద్దీ బాధ్యత పలచబడుతుంది. తప్పు ఎవరిదంటే హోటల్ కాంట్రాక్టరును చూపిస్తుంది, కాంట్రాక్టరు కింది కాంట్రాక్టరును చూపిస్తాడు. తిలాపాపం తలా పిడికెడు.

హోటల్ చేతులు మారితే

మరి మనం చేయవలసిందేమిటి? మొదటిది, పే స్లిప్పు. జీతమిచ్చిన ఒక పనిదినం లోపు అది మన చేతికి రావాలి. దాని మీద యజమాని పేరు, ఏబీఎన్ ఉండాలి. మన చట్టబద్ధమైన యజమాని ఎవరో తేల్చుకోవడానికి మొదట చూడవలసింది ఈ కాగితమే, గోడ మీద బోర్డు కాదు. పే స్లిప్పు ఇవ్వకుండా చేతిలో నోట్లు పెడుతున్నారంటే అనుమానించాల్సిందే.

రెండోది, అమ్మకం ఏ రకమో చూడాలి. భవనం మాత్రమే అమ్ముడై, మనకు జీతమిచ్చే కంపెనీ అదే ఉంటే మన ఉద్యోగం లెక్కలో ఏ మార్పూ లేదు. కంపెనీ వాటాలు చేతులు మారినా అంతే, యజమాని కంపెనీ అదే. అలా కాక వ్యాపారమే కొత్త కంపెనీకి వెళ్లి, మనం మూడు నెలల లోపు అక్కడ అదే పనిలో చేరితే, ఫెయిర్ వర్క్ చట్టం దాన్ని వ్యాపార బదిలీగా చూస్తుంది. పర్మనెంటు ఉద్యోగులకు కూడిన సిక్ లీవు కొత్త చోటికి వెంట వస్తుంది. వార్షిక సెలవుల బాకీని కొత్త యజమాని నెత్తికెత్తుకోవాలి, లేదంటే పాత యజమాని డబ్బు లెక్కకట్టి ఇచ్చెయ్యాలి. రెండూ కాకుండా మధ్యలో ఆవిరైపోవడానికి వీల్లేదు. అందుకే చేతులు మారే రోజుకు మీ సెలవుల లెక్క రాతపూర్వకంగా తీసి పెట్టుకోండి.

మూడోది, దివాలా. యజమాని కంపెనీ మునిగిపోతే పనివారి బకాయిల్లో కొంత భాగం కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పథకం ఉంది. కానీ అది పౌరులకు, శాశ్వత వీసాదారులకు, ప్రత్యేక వీసా మీదున్న న్యూజిలాండ్ వారికే. స్టూడెంట్ వీసా, తాత్కాలిక వర్క్ వీసాల మీదున్న మన పిల్లలకు అది వర్తించదు. కాబట్టి జీతం రెండు వారాలు ఆలస్యమైనా, సూపర్ జమ కాకపోయినా "పాపం, సారుకి ఇబ్బందిగా ఉందేమో" అని మొహమాటపడి ఊరుకోవద్దు. 2025 జూలై 1 నుంచి సూపర్ 12 శాతం. అది యజమాని దయ కాదు, మన కష్టార్జితం.

నాలుగోది, గంటల లెక్క. క్యాజువల్ పిల్లలకు సెలవు జీతం ఉండదు గనక పని గంటలే ఆధారం. రోస్టరు ఫొటో తీసుకోండి. ఎన్ని గదులు చేశారో, ఎన్నింటికి దిగారో ఓ చిన్న పుస్తకంలో రాసుకోండి. గదికింత అని ఇస్తూ గంటల లెక్క ఎగ్గొట్టే చోట ఈ పుస్తకమే సాక్ష్యం. తక్కువ ఇచ్చిన జీతాన్ని ఆరేళ్ల వరకు వెనక్కి అడగవచ్చు. కావాలని జీతం ఎగ్గొట్టడం 2025 జనవరి 1 నుంచి క్రిమినల్ నేరం కూడా. ఉద్యోగం నుంచి అన్యాయంగా తీసేశారనుకుంటే మాత్రం గడువు 21 రోజులే.

వీసా భయంతో నోరు విప్పని వారు మనలో చాలామంది. పక్షానికి 48 గంటల పరిమితి ఒక్కసారి దాటితే చాలు, దాన్ని చూపించి బెదిరించే మేనేజర్లున్నారు. పనిచోట మోసపోయిన తాత్కాలిక వీసాదారులు ఫిర్యాదు చేస్తే వీసా రద్దు కాకుండా కాపాడే ఏర్పాటు 2024 జూలైలో మొదలైంది. దానికి షరతులున్నాయి. ముందుగా సలహా తీసుకుని అడుగు వేయండి. ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ నంబరు 13 13 94. ఇంగ్లీషులో ఇబ్బందైతే 131 450కి ఫోన్ చేసి తెలుగు దుబాసీని అడగండి.

విండ్సర్ ఓడల వ్యాపారి నుంచి మద్యనిషేధ నాయకుడికి, ప్రభుత్వానికి, ఢిల్లీకి, ఇండొనేషియా కుటుంబానికి తిరిగింది. ఫలక్‌నుమా కట్టినవారికి దక్కలేదు, దక్కినవారు అందులో ఉండలేదు. చేతులు మారడం హోటళ్లకు కొత్త కాదు, ఇకముందూ ఆగదు. వాటిని ఎవరు కొన్నా, ఎవరు అమ్మినా పొద్దున్నే పక్క సర్దాలి, రాత్రికి గిన్నెలు కడగాలి. అంటే మన పని అక్కడే ఉంటుంది. ఆ పనికి జవాబుదారీ ఎవరో మాత్రం మనకు తెలిసి ఉండాలి. ఈ వారం జీతం పడ్డాక పే స్లిప్పు ఒకసారి తెరవండి. అంకె తర్వాత చూడవచ్చు, ముందు పై వరసలో ఉన్న పేరు చదవండి. అది మీరు అమ్మకు చెప్పిన పేరేనా?